బొంతకు బట్ట: చవక కట్‌పీసులా, ఖరీదైన కాటనా?

కొత్తసూది (ఖమ్మం)

అందరికీ నమస్కారం. మా చెల్లి ఈసారి హాస్టల్‌కి వెళ్తోంది. దానికి నా చేత్తో ప్యాచ్‌వర్క్ బొంత ఒకటి కుట్టి ఇవ్వాలని ఉంది. సింగిల్ మంచం సైజు, 60×90 అంగుళాలు. పైన ఆరంగుళాల చదరాలు, అడుగున ఒకే రంగు బట్ట, మధ్యలో పల్చటి పొర. బ్లౌజులు, లంగాలు కుడుతూనే ఉంటాను కాబట్టి మిషన్ గురించి భయం లేదు. నా టెన్షన్ అంతా బట్ట గురించే.

మా ఊళ్ళో మీటరు 110కి కాటన్ అని ఇస్తున్నారు. హ్యాండ్‌బ్లాక్ ప్రింట్లు 280, 300 చెప్తున్నారు. క్విల్టింగ్ కాటన్ అని ఆన్‌లైన్‌లో ప్రత్యేకంగా అమ్మేది మీటరు వెయ్యి దాకా ఉంది. మూడూ స్వచ్ఛమైన కాటనే అంటారు. మరి అంత తేడా దేనికి? బట్టకి నేను పెట్టగలిగేది 3,000. ఖరీదైనదే కొనాలంటే చదరాలకే చాలదు. చవకది కొంటే ఏడాదికే పేలికలవుతుందేమోనని భయం. అసలు ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ తగ్గించుకోవచ్చు?

తూనికరాయి (హైదరాబాద్)

చెల్లెమ్మా, మూడు వేలు అక్కర్లేదు. కట్‌పీసులు కిలో లెక్కన తీసుకో. సుల్తాన్ బజార్ వైపు, జనరల్ బజార్ సందుల్లో, ఊరి చివర కుట్టు ఫ్యాక్టరీల దగ్గర మిగులు ముక్కలు తూకానికి అమ్ముతారు. లెక్క చెప్తాను చూడు. 44 అంగుళాల పన్నా (వెడల్పు) ఉన్న మామూలు కేంబ్రిక్ (పల్చటి సాదా కాటన్) మీటరు 110 గ్రాముల చుట్టుపక్కల తూగుతుంది. అంటే కిలోకి తొమ్మిది మీటర్లు. కిలో 400 పెట్టినా మీటరు 45 రూపాయల లోపే పడింది. మనం ఎలాగూ ఆరంగుళాల ముక్కలే చేస్తాం కదా, తానులోంచి కోయించి పూర్తి ధర ఎందుకు ఇవ్వాలి?

మా ఇంట్లో వాడే బొంతలన్నీ ఇలాంటి ముక్కలతోనే కుట్టాను. పిల్లలు వాటి మీద పొర్లి పెరిగారు, ఇప్పటికీ వాడుతున్నాం.

గులాబీబొంత (డాలస్)

తూనికరాయి గారి మాట కాదనడం లేదు కానీ ఇంకోవైపు నుంచి కూడా చూడాలి. ఇలాంటి బొంత పూర్తవడానికి నెలలు పడుతుంది. కోయడం, ఇస్త్రీ, జోడించడం, మూడు పొరలూ కలిపి కుట్టడం, అంచు కట్టడం. అంత కష్టం మీటరుకి వంద రూపాయలు మిగుల్చుకున్న బట్ట మీద పోయడం నాకు మనసొప్పదు. బట్ట పాడైతే మన కుట్టు కూడా దాంతోనే పోతుంది.

ఇక్కడ క్విల్ట్ షాపుల్లో మంచి కాటన్ గజం 12 నుంచి 15 డాలర్లు. మీరు చెప్పిన సైజుకి పైనా కిందా కలిపి 11 గజాలు, అంటే 13 చొప్పున 143 డాలర్లు. ఎక్కువే. కానీ ఆ బట్ట చేత్తో పట్టుకుంటేనే తెలుస్తుంది. ముక్క కోస్తే మూల మూలగానే ఉంటుంది, సాగదు. ఉతికాక రంగు పక్క చదరం మీదకి పాకదు.

కొత్తసూది (ఖమ్మం)

అక్కా, అలాంటి బట్ట నేను చూడలేదు, ముట్టుకోలేదు. ఫోటో చూసి వెయ్యి రూపాయలు పెట్టాలంటే ధైర్యం చాలడం లేదు. అందులో ఉన్నదేంటో, మన దగ్గర దొరికే దాంట్లో లేనిదేంటో ఎవరైనా విడమరిచి చెప్తారా?

పడుగుపేక (సిరిసిల్ల)

నేను చెప్తాను బిడ్డా. మగ్గాల దగ్గర, ఆ తర్వాత ప్రాసెసింగ్‌లో బతుకంతా గడిపినవాణ్ణి.

క్విల్టింగ్ కాటన్ అనేది ప్రత్యేకమైన పత్తి కాదు. సాదా నేతే. ఒక పోగు పైన, ఒక పోగు కింద. దాంట్లో చూసుకున్నది మూడు విషయాలు. మొదటిది, పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) రెండూ దగ్గర దగ్గరగా సమానం. అమెరికాలో కోనా అని బాగా అమ్ముడుపోయే సాదా రంగు బట్ట ఉంది, అది అంగుళానికి పడుగు 60, పేక 60. రెండోది బరువు. చదరపు మీటరుకి 145 గ్రాముల దగ్గర. మన కేంబ్రిక్ 100 చుట్టూ, ఇంకా పల్చటి మల్ బట్ట 60, 70. అందుకే దాన్ని పట్టుకుంటే నిండుగా అనిపిస్తుంది. మూడోది రంగు, ఫినిషింగ్. మిగిలిన ధరంతా డిజైను, బ్రాండు, ఓడ కిరాయి, సుంకం.

కాబట్టి వెయ్యి పెడితే వెయ్యి రూపాయల బట్ట వస్తుందని లేదు, 110కి వచ్చేదంతా చెత్త అనీ లేదు. షాపులో ధర చీటీ చూడకుండా బట్టని చూడు.

అట్టముక్కలో సరిగ్గా ఒక అంగుళం చదరం కిటికీలా కోసి బట్ట మీద పెట్టు. ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి పెద్దది చేసి పోగులు లెక్కపెట్టు. అటు ఇటు 55, 60 పైన ఉంటే నిశ్చింత. 40, 45 దగ్గర ఆగిపోతే ఆ బట్ట జాకెట్ లైనింగ్‌కి పర్వాలేదు కానీ బొంతకు వద్దు. ఎందుకంటే మనం వేసేది పావు అంగుళం కుట్టు. పల్చటి నేతలో ఆ పావు అంగుళంలోంచి పోగులు జారిపోయి కుట్టు పళ్ళికిలిస్తుంది.

తర్వాత బట్టని రెండు చేతుల మధ్య గట్టిగా నలుపు. తెల్లటి పొడి రాలినా, నలిపాక ఒక్కసారిగా మెత్తబడి వేలాడినా అది గంజి బలం. షాపులో దిట్టంగా నిలబడ్డ బట్ట మొదటి ఉతుకుకి జాలీలా తేలిపోతుంది. చవక బట్టలో మోసం జరిగేది ఎక్కువగా ఇక్కడే.

అంచున రెండు మూడు పోగులు లాగి కాల్చి చూడు. పత్తి కాగితం కాలిన వాసన వేస్తూ కాలి మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి పూసలా చేతికి తగులుతుంది.

బ్లౌజుపీస్ (విజయవాడ)

బాబాయ్ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. నాది టైలరింగ్ షాపు. చిందీ (కత్తిరింపుల్లో మిగిలిన ముక్కల) సంచులు అడిగి పట్టుకుపోయేవాళ్ళు చాలామందే వస్తారు. తూనికరాయి గారూ, కిలో లెక్క బాగానే ఉంది కానీ ఆ సంచిలో ఏముంటుందో నాకు తెలుసు. టూ బై టూ ముక్క, పాప్లిన్ ముక్క, పాలిస్టర్ కలిసిన సూటింగ్ ముక్క, క్రేప్, లైనింగ్, అన్నీ కలిసే ఉంటాయి. విడదీసి కాటన్ పక్కన పెడితే సగం సంచి కూడా మిగలదు. అప్పుడు 45 రూపాయల మీటరు కాస్తా 90 అవుతుంది.

ఇంకో విషయం ఎవరూ అనలేదు. బరువైన ముక్క పక్కన తేలికైనది కుడితే తేలికైనదే ముందు చిరుగుతుంది. ఉతికిన ప్రతిసారీ బరువుది నీళ్ళు పీల్చి కిందికి లాగుతుంది, పక్కనున్న మల్ ముక్క కుట్టు వెంబడి చినుగుతుంది. బొంతలు బాగు చేయించుకోవడానికి తెచ్చేవాళ్ళ దగ్గర నేను ఎప్పుడూ చూసే చిరుగు ఇదే. చదరం మధ్యలో కాదు, కుట్టు పక్కన.

తూనికరాయి (హైదరాబాద్)

బ్లౌజుపీస్ గారూ, నిజమే, టైలర్ సంచిలో అన్నీ ఉంటాయి. నేను తెచ్చుకునేది చొక్కాలు, నైటీలు కుట్టే యూనిట్ల నుంచి. అక్కడ ఒకే తాను మిగులు కట్టలు కట్టలుగా వస్తుంది, కాబట్టి బరువు ఒకేలా ఉంటుంది. చెల్లెమ్మా, కిలోకి కొంటే ఎక్కడిదో అడిగి కొను. నా సలహా మార్చుకోను కానీ ఆ షరతు చేర్చుకో.

అచ్చుబల్ల (పెడన)

మీ 280, 300 హ్యాండ్‌బ్లాక్ సంగతి నేను చెప్తాను. మా పెడనలో ఇంటింటా ఆ పనే.

అసలైన కలంకారీ అచ్చు బట్టకి ముందు కరక్కాయ పట్టిస్తాం. నలుపు గీతలకి తుప్పు ఇనుము బెల్లం నీళ్ళలో ఊరబెట్టిన ద్రవం, ఎరుపు రావాల్సిన చోట పటిక. ఆ తర్వాత కాలువ నీళ్ళలో జాడించి, రంగు తొట్టిలో ఉడకబెడతాం. పటిక పడిన చోటే ఎరుపు పట్టుకుంటుంది. ఇంత పని ఉన్న బట్టని 300కి ఇస్తున్నారంటే అది చవకే. కానీ మీరు చూసినదాంట్లో స్క్రీన్ ప్రింట్ ఎంత ఉందో కనిపెట్టాలి. అచ్చు వేసినదాంట్లో ఒక పువ్వుకీ పక్క పువ్వుకీ మధ్య జాయింటు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది, రంగు వెనక్కి కూడా దిగి ఉంటుంది. స్క్రీన్‌ది ముందు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండి, వెనక తెల్లగా ఉంటుంది.

అయినా మీ చెల్లి హాస్టల్ బొంతకి మా కలంకారీ వద్దంటాను. హాస్టల్‌లో వాషింగ్ మిషన్, ఘాటు సర్ఫు, మేడ మీద ఎండ. సహజ రంగులకి ఈ మూడూ పడవు. ఎరుపు మసకబారుతుంది. ఇంకో మాట, ఇనుముతో వచ్చిన నలుపు ఏళ్ళు గడిచేకొద్దీ ఆ గీత దగ్గరే బట్టని తినేస్తుంది. పాత చింట్జ్ (అప్పట్లో యూరప్ కొనుక్కున్న మన అద్దకం నూలు) బట్టల్లో పువ్వు అలాగే ఉండి, దాని చుట్టూ నల్ల గీత మాత్రం చిల్లుపడి కనిపించేది అందుకే. ఇష్టమైతే నాలుగైదు చదరాలు పెట్టుకోండి. బొంతంతా వద్దు.

గులాబీబొంత (డాలస్)

అచ్చుబల్ల గారూ, మీరు చింట్జ్ అనగానే గుర్తొచ్చింది. ఇప్పుడు మనం అమెరికా బట్ట ప్రీమియం అనుకుంటున్నాం కానీ 1600లు, 1700లలో యూరప్‌లో ప్రీమియం అంటే మన కోరమండల్ తీరం అద్దకం బట్టే. ఉతికినా రంగు పోని అద్దకం నూలు బట్ట వాళ్ళకి అప్పటిదాకా అంతగా తెలియదు. ఫ్రాన్స్ 1686లో ఆ దిగుమతుల్ని నిషేధించి 1759 దాకా ఎత్తలేదు. ఇంగ్లాండ్ 1721లో చట్టం చేసి అద్దకం కాటన్లు కట్టుకోవడం, ఇంట్లో వాడటం కూడా ఆపించింది. ఇంగ్లాండ్‌లో ఇప్పటికీ మిగిలిన తొలి ప్యాచ్‌వర్క్ బొంతల్లో ఒకటి లెవెన్స్ హాల్‌లో ఉంది, 1700 తొలి ఏళ్ళ నాటిది. అది కూడా భారతదేశం చింట్జ్ ముక్కలతో కుట్టిందే. అంత ఖరీదైన బట్టలో చిన్న ముక్క కూడా పారేయకూడదనే అలా జోడించారు.

అచ్చుబల్ల (పెడన)

ఈ మాట మా ఇంట్లో చదివి వినిపించాను. చాలా సంతోషం అమ్మా.

నాయనమ్మపెట్టె (అనంతపురం)

ఇంతసేపూ అందరూ కొత్త బట్ట గురించే మాట్లాడుతున్నారు. మా వైపు బొంత అంటే పాత చీరలే. పైన ఒకటి, కింద ఒకటి, మధ్యలో రెండో మూడో పాత నూలు చీరలు, పంచెలు పరిచి, వేలెడు వెడల్పున వరస టాకాలు వేసేవాళ్ళు. దూది అవసరమే లేదు.

పాత నూలు చీరలో ఒక గుణం ఉంది, అది ఏ షాపులోనూ దొరకదు. అది ముడుచుకోవాల్సినంత ఎప్పుడో ముడుచుకుంది, పోవాల్సిన రంగు ఎప్పుడో పోయింది. ఇక ఉతికినా ఏమీ కాదు. ఒంటికి తగిలితే ఎంత మెత్తగా ఉంటుందో! పుట్టిన పిల్లలకి ఎందుకు పరుస్తారో ఆలోచించండి.

కొలత కూడా సరిపోతుంది. చీర ఐదున్నర మీటర్లు, అంటే 216 అంగుళాలు. సగానికి కోసి నిలువునా జోడిస్తే 88 వెడల్పు, 108 పొడవు వస్తుంది. నీ 60×90కి ఒక చీరతో ఒక పొర తయారు, చుట్టూ ఇంకా మిగులుతుంది.

అయితే చీరని వెలుతురుకి ఎత్తి చూడాలి. కూర్చునే చోట, మడమ దగ్గర ఫాల్ కుట్టే వైపు బాగా అరిగి ఉంటుంది. బొటనవేలు ఆనించి తోస్తే పోగులు విడిపోతున్నాయంటే ఆ భాగం తీసెయ్. అమ్మ చీరలు అడుగు, పెట్టెలో ఉంటాయి.

కొత్తసూది (ఖమ్మం)

అమ్మ దగ్గర ఉన్నాయి అత్తా! వెంకటగిరివి రెండు, కట్టి కట్టి మెత్తబడినవి. పారేయలేక దాచింది. అడుగు బట్టగా వేసేయనా?

పడుగుపేక (సిరిసిల్ల)

అడుగుకి వద్దు బిడ్డా, మధ్యలో వెయ్యి. అడుగు బట్టకి రాపిడి ఎక్కువ. పరుపు మీద రుద్దుకుంటుంది, కాళ్ళతో తన్నేస్తారు, హాస్టల్‌లో నేల మీద పరుచుకుని కూర్చుంటారు. పైన చదరం చిరిగితే ఇంకో చదరం అతికించుకోవచ్చు, అడుగు బట్ట చిరిగితే బొంతంతా విప్పాలి. నీ 3,000లో పెద్ద వాటా అడుగుకి పెట్టు. చాలామంది పైన మంచి ప్రింట్లు కొని, కనపడదు కదా అని అడుగుకి లైనింగ్ బట్ట వేస్తారు. అది తలకిందులు లెక్క.

చుట్టూ కట్టే అంచు పట్టీ కూడా అంతే. బొంత మొదట అరిగేది అక్కడే. దానికి అర మీటరు చాలు కాబట్టి దాని దగ్గర పొదుపు చూడకు. నీ దగ్గర ఉన్నవాటిలో నేత అన్నిటికంటే దిట్టంగా ఉన్నది వాడు.

కిటికీతెర (విశాఖపట్నం)

అడుగుకి కొత్త బెడ్‌షీట్ కొంటే జాయింటే ఉండదు కదా? డబుల్ కాట్ షీటు 90×100 ఉంటుంది. ఐదు మీటర్ల బట్ట కంటే చవక కూడా.

బ్లౌజుపీస్ (విజయవాడ)

మంచి ఆలోచనే కానీ షీటు చూసి కొనాలి. గ్లేస్ కాటన్ అని అమ్మేది చాలావరకు పాలిస్టరే, పేరులో కాటన్ ఉంది తప్ప బట్టలో లేదు. ఒంటికి ఉక్కపోత. నిజమైన కాటన్ షీటు దొరికితే మిషన్ కుట్టుకి బ్రహ్మాండం. చేత్తో టాకాలు వేద్దామనుకుంటే మాత్రం ఆ దిట్టమైన నేతలో సూది దిగదు, వేళ్ళు పోతాయి.

రంగుల గురించి కూడా చెప్పాలి. ఎరుపు, మెరూన్, నేవీ బ్లూ, ముదురు ఆకుపచ్చ, ఈ నాలుగూ తెల్ల చదరం పక్కన పెట్టేముందు తప్పకుండా ఉప్పు నీళ్ళలో నానబెట్టండి.

పడుగుపేక (సిరిసిల్ల)

ఉప్పు గురించి ఒక్క మాట చెప్పాలి తల్లీ, అందరూ ఇలాగే అనుకుంటారు. ఉప్పు పనికొచ్చేది రంగు వేసేటప్పుడు. తొట్టిలో రంగు నీళ్ళలోంచి నూలులోకి వెళ్ళడానికి సాయపడుతుంది. అద్దకం అయిపోయిన బట్టని ఇంట్లో ఉప్పులోనో వెనిగర్‌లోనో నానబెడితే రంగు కొత్తగా గట్టిపడదు. ఆ పూటకి తక్కువ దిగినట్టు కనిపిస్తుంది, తర్వాతి ఉతుకులో మళ్ళీ దిగుతుంది.

రియాక్టివ్ రంగు అయితే నూలుతో గట్టిగా అతుక్కుంటుంది. పైన అతుక్కోకుండా మిగిలిపోయిన రంగే మనకి నీళ్ళలో కనిపించేది. దాన్ని వదిలించాలంటే చెయ్యి పెట్టలేనంత వేడి నీళ్ళు, కాస్త సబ్బు, నీళ్ళు తేటపడేదాకా జాడించడం. నాలుగైదు సార్లకి తేటపడితే ఆ బట్ట మంచిదే. ఎన్నిసార్లు జాడించినా అదే ఎరుపు దిగుతూ ఉంటే అది నూలుకి గట్టిగా అతుక్కోని డైరెక్ట్ రంగు, లేదా కడగకుండా పంపిన సరుకు. ఎంత నచ్చినా తెలుపు పక్కన పెట్టకు.

పిగ్మెంట్ ప్రింట్ ఇంకో రకం. రంగు బట్ట మీద జిగురుతో కూర్చుంటుంది. నీళ్ళలో దిగదు, రాపిడికి పోతుంది. తడి తెల్లగుడ్డ వేలికి చుట్టి గట్టిగా రుద్దితే తెలుస్తుంది. పిగ్మెంట్ అంతా చెడ్డది కాదు, ఖరీదైన ప్రింట్లలోనూ ఉంటుంది. జిగురు మంచిదైతే బట్ట మెత్తగా ఉండి రంగు నిలుస్తుంది, నాసిదైతే అట్టలా ఉండి రాలిపోతుంది.

గులాబీబొంత (డాలస్)

ఇక్కడ ముందే ఉతకాలా వద్దా అన్నది పెద్ద వాదన. నేను ఉతకను. కొత్త బట్టలో ఉండే దిట్టం వల్ల కోయడం, జోడించడం తేలిక. అంతా కుట్టాక ఉతికితే కాటన్ కాస్త ముడుచుకుని బొంత మీద సన్నటి ముడతలు వస్తాయి, ఆ అందం నాకు ఇష్టం.

పడుగుపేక (సిరిసిల్ల)

మీరు ఒకే కంపెనీ బట్ట అంతా వాడతారు కాబట్టి అన్నీ ఒకేలా ముడుచుకుంటాయమ్మా. ఈ అమ్మాయి మూడు నాలుగు చోట్ల కొంటుంది. ఒకటి నూటికి రెండు ముడుచుకుని, పక్కది ఐదు ముడుచుకుంటే చదరాలు గుంజుకుపోయి బొంత ఎగుడుదిగుడవుతుంది. అన్నీ ఉతకాలి. ఉతికాక దిట్టం కావాలంటే పల్చటి గంజి పెట్టి ఇస్త్రీ చేసుకుంటే సరి, బొంత పూర్తయ్యాక ఒక్క ఉతుకుకి గంజి పోతుంది.

గులాబీబొంత (డాలస్)

అది ఒప్పుకుంటాను బాబాయ్ గారూ. వేర్వేరు బట్టలు కలిపితే ఉతకాల్సిందే.

ఇక్కడివాళ్ళ కోసం రెండు మాటలు. 1943లో మొదలైన జోయాన్ అనే బట్టల దుకాణాల సంస్థ 2025 మే నాటికి అన్ని స్టోర్లూ మూసేసింది. తక్కువ ధరలో చేత్తో తాకి చూసి కొనుక్కునే చోటు చాలా ఊళ్ళలో లేకుండా పోయింది. మధ్యతరగతి క్విల్టర్లకి నిజంగా పెద్ద దెబ్బ. రెండోది, ఫ్యాట్ క్వార్టర్లు ముద్దొస్తున్నాయని కొనకండి. 18×22 అంగుళాల ఆ పావు గజం ముక్క నాలుగు డాలర్లంటే గజం పదహారు. అదే డిజైను తానులోంచి గజం పదమూడుకే వస్తుంది. నేను ఇండియా వచ్చినప్పుడల్లా మంగళగిరి నూలు బట్ట ఒంటి రంగువి ఆరేడు మీటర్లు తెచ్చుకుంటాను. పల్చగా ఉన్నా నేత పొందిగ్గా ఉంటుంది, అన్నీ అదే వాడితే బరువు తేడా సమస్య రాదు.

ఇంకొకటి రాయకుండా ఉండలేను. అలబామాలో గీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి స్త్రీలు పొలంలో చిరిగిన పని బట్టలు, పాత డెనిమ్ ప్యాంట్లు, సంచి గుడ్డలతో చలి ఆగడానికి బొంతలు కుట్టుకున్నారు. 1972లో సియర్స్ కంపెనీ దిండు గలేబుల పని ఇస్తే మిగిలిన కార్డ్యురాయ్ ముక్కలు కూడా బొంతల్లోకి వచ్చాయి. ఆ బొంతలే 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలెక్కాయి, 2006లో తపాలా బిళ్ళల మీద అచ్చయ్యాయి. మోకాలి దగ్గర వెలిసిపోయిన నీలం, జేబు ఊడదీసిన చోట ముదురు చదరం, అవన్నీ అలాగే కనిపిస్తాయి. ఖరీదైన బట్ట కావాలని నేనే అన్నాను. అంటూనే ఉంటాను. కానీ దిట్టమైన పాత బట్టని చవక బట్టతో ఒకే గాటన కట్టకూడదు.

తూనికరాయి (హైదరాబాద్)

అక్కా, ఈ మాటకి నా నమస్కారం. మా ఆయన పాత కాటన్ చొక్కాలు ఇంకెవరికీ ఇవ్వను. వీపు భాగంలో ఆరంగుళాల చదరాలు బోలెడు వస్తాయి.

కొత్తసూది (ఖమ్మం)

మీరందరూ చెప్పినట్టే నమూనాలు తెచ్చి చూశాను. ఐదు రకాలు, ఒక్కోటి పావు మీటరు. అన్నిటి మీదా 20 సెంటీమీటర్ల చదరం పెన్నుతో గీసి, వేడి నీళ్ళలో ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మళ్ళీ కొలిచాను.

110 రూపాయల బట్ట పొడవు వైపు 18.6కి వచ్చింది, అంగుళానికి పేక పోగులు 44. ఉతికాక వెలుతురుకి పట్టుకుంటే నా వేళ్ళు కనిపిస్తున్నాయి. పావు అంగుళం కుట్టు వేసి లాగితే బాబాయ్ గారు చెప్పినట్టే పళ్ళికిలించింది. దాన్ని తీసేశాను.

170 రూపాయల కేంబ్రిక్, సాదా రంగులు. 20కి 19.4. పోగులు బాగా దగ్గరగా ఉన్నాయి. కుట్టు కదల్లేదు. పసుపు, లేత నీలం నీళ్ళలో ఏమీ దిగలేదు. 190 రూపాయల బూడిద రంగు పాప్లిన్ ఇంకా దిట్టంగా ఉంది, 19.2.

బ్లాక్ ప్రింట్లు రెండు తెచ్చాను. 290ది ఇండిగో మీద తెల్ల పువ్వు, రెండో నీళ్ళకే తేటపడింది. 300 పెట్టిన మెరూన్ మాత్రం ఎన్నిసార్లు జాడించినా బకెట్ గులాబీ రంగే. అన్నిటికంటే ఖరీదైనదీ, నాకు అన్నిటికంటే నచ్చినదీ అదే. చాలా బాధగా ఉంది కానీ వద్దనుకున్నాను.

లెక్క ఇలా వేసుకున్నాను. ఆరంగుళాల చదరాలు 150 కావాలి. కుట్టుతో కలిపి ఆరున్నర కోస్తే 44 పన్నాలో అడ్డంగా ఆరు వస్తాయి, 25 పట్టీలు, నాలుగు మీటర్ల పదమూడు సెంటీమీటర్లు. ముడుచుకునేదానికి కలిపి నాలుగున్నర. అందులో సాదా కేంబ్రిక్ రెండున్నర మీటర్లు 425, ఇండిగో ప్రింట్ రెండు మీటర్లు 580. అడుగుకి బూడిద పాప్లిన్ ఐదు మీటర్లు 950. అంచు పట్టీకి అదే పాప్లిన్ అర మీటరు 95. మొత్తం 2,050. మధ్యలో అమ్మ వెంకటగిరి చీరలు రెండూ. మిగిలిన డబ్బులో మంచి కాటన్ దారం కొంటాను. సరిగ్గా ఉందా?

నాయనమ్మపెట్టె (అనంతపురం)

చక్కగా ఉంది తల్లీ. చీరల జరీ అంచు ముందే కోసి తీసెయ్, సూదికి అడ్డం పడుతుంది, ఒంటికీ గుచ్చుకుంటుంది.

బ్లౌజుపీస్ (విజయవాడ)

సూది 14 నంబరు పెట్టుకో. రెండు చీరలతో కలిపి నాలుగు పొరలు, జాయింట్ల దగ్గర ఇంకా మందం. చదరాలు జోడించేటప్పుడు మాత్రం 12 చాలు. మెరూన్ మిగిలిన ముక్క పారేయకు, విడిగా ఉతుక్కునే చేతిసంచి కుట్టుకో.

పడుగుపేక (సిరిసిల్ల)

లెక్క ఒక్క చోట సవరించాలి బిడ్డా. అడుగు బట్ట బొంత కంటే నాలుగు వైపులా నాలుగంగుళాలు పెద్దది ఉండాలి, అంటే 68×98. రెండు పన్నాలు పక్కపక్కన జోడిస్తే 98 చొప్పున రెండు నిలువులు, 196 అంగుళాలు. ఐదు మీటర్లు 197 అంగుళాలే. నీ పాప్లిన్ నూటికి నాలుగు ముడుచుకుందని నువ్వే రాశావు. ఉతికాక 189 మిగులుతుంది, చాలదు. ఐదుంపావు తీసుకో.

షాపులో ఆ తాను అయిపోతే మళ్ళీ అదే బూడిద రంగు దొరకదు. అందుకే అడుగుకి, అంచుకి, తర్వాత అతుకులు వేసుకోవడానికి అన్నిటికీ కలిపి ఆరు మీటర్లు ఒకేసారి కోయించుకో. 95 రూపాయలు ఎక్కువ పడుతుంది.

కొత్తసూది (ఖమ్మం)

సరే బాబాయ్ గారూ, ఆరు మీటర్లు పక్కన పెట్టమని షాపుకి ఇప్పుడే ఫోన్ చేశాను. ఆ తానులో ఇంకా ఎనిమిది ఉందట. సాయంత్రం వెళ్ళి తెచ్చుకుంటాను.